పెన్సిల్ తారీఖు

మా ఇంట్లో గోడ గడియారం బ్యాటరీ మీద కూడా తారీఖు ఉంటుంది. నమ్మకపోతే వచ్చి చూసుకోండి. బ్యాటరీకి అంటించిన చిన్న కాగితం ముక్క మీద రోజు, నెల, పక్కన సున్నా చుట్టి అందులో ఒక అక్షరం. వంటింటి కుళాయికి కొత్త పిడి వేసినా, మిక్సీ బాగుచేసినా, నా కుట్టు మిషన్‌కి బెల్టు మార్చినా అదే వరస. అన్నీ పెన్సిల్ రాతలే, అన్నీ మా మామయ్య చేతి రాతలే. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. చెవి మీద పెన్సిల్ లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. డిపోలో అందరూ పెన్సిల్ మేస్త్రీ అనేవారట.

కాపురానికి వచ్చిన కొత్తలో ఉండబట్టలేక అడిగేశాను, ఈ రాతలన్నీ ఎందుకు మామయ్యా అని.

"బస్సు దారిలో ఆగిపోయిందనుకో అమ్మాయ్. విప్పి చూసినవాడికి అది ఎవరి పనో తెలియాలి కదా. బాగా నడిస్తే ఎలాగూ ఎవడూ అడగడు. చెడిపోతే మాత్రం, ఇదిగో నేనున్నాను, నన్నే అడగండి అని ముందుగానే చెప్పుకోవడం. చేసిన చెయ్యి రాయాలి," అన్నారు.

నేను కుట్టుపని చేసేదాన్ని. నా పనిలో తేడా వస్తే ఆ బట్ట తెచ్చి నా మొహాన్నే కొడతారు, తారీఖులు చూసేంత ఓపిక ఎవరికీ ఉండదు. అయినా ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి నేను కుట్టిన ప్రతి చొక్కాకీ కాలరు లోపల ఎర్ర దారంతో చిన్న ఇంటూ గుర్తు వేస్తున్నాను. పందొమ్మిదేళ్లుగా ఒక్క చొక్కా కూడా అది లేకుండా నా షాపు దాటలేదు. ఆ సంగతి మామయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక మా ఆయన సంగతి. ఈయనగారి పిచ్చి వేరు. కొన్న వస్తువుకు కవరు తీయడు. టీవీ రిమోటు ప్లాస్టిక్ కవరులోనే పుట్టింది, కవరులోనే పోయేట్టుంది. ఫ్రిజ్ తలుపు మీద పల్చటి పొర అంచులు లేచి దుమ్ము పట్టి అసహ్యంగా ఉన్నా గోరు పెట్టి లాగనివ్వడు. "ఉండనీవే, కొత్తగా ఉంటుంది" అంటాడు. కారు కొని మూడేళ్లయింది, సీట్లకు కవర్లు అలాగే ఉన్నాయి. ఎండాకాలం దిగేటప్పుడు వీపు సీటుకే అంటుకుని మనిషి మాత్రం బయటికి వస్తున్నట్టుంటుంది. వీధిలో ఈయన్ని కవర్ల మహారాజు అంటారు. పెళ్లినాడే నిన్ను కూడా కవరులో చుట్టి పెట్టలేదు, అదృష్టవంతురాలివి అంటుంది మా చెల్లి.

ఎండలు ముదిరాక ఒక రోజు నేను కార్లో ఏసీ వేశాను. కారు నడిపేది నేనే. మా ఆయన ఆఫీసు బస్సులో పోతాడు. స్కూలు యూనిఫాంలు కుట్టి, మూటలు కట్టి, చేరవేసేదాన్ని నేను, కాబట్టి తాళాలు నా దగ్గరే ఉంటాయి. చలికాలమంతా అద్దాలు దించుకుని తిరిగాను, ఏసీ జోలికి పోలేదు. ఆ రోజు మీట తిప్పితే లోపల మోత మోగిపోతోంది గానీ గాలి మాత్రం లేదు. పైగా తడిబట్ట మూల పడేసినట్టు ఒక వాసన. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు ఇంటికొచ్చి తాళాలు మా ఆయన ముందు టేబుల్ మీద ఠపీమని పెట్టాను.

"ఇదిగో మీ కారు. రేపటినుంచి మూటలు మీరే మొయ్యండి."

ఆయన వీధి చివర గ్యారేజీ మెకానిక్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. ఆ మెకానిక్ కూడా పరాయివాడేం కాదు, డిపోలో మామయ్య చేతికింద పని నేర్చుకున్నవాడే. అంతా విని, "గాలి తోసే బ్లోయర్ మోటారు పోయుంటుంది సార్. లేకపోతే ఫిల్టర్ దగ్గర ఏదన్నా విరిగి అడ్డం పడుండాలి. చివరిసారి అక్కడ ఎవరు చెయ్యి పెట్టారు?" అన్నాడు.

మా ఆయన ఫోను వంకే చూస్తున్నాడు.

"నేనే బాబూ," అన్నారు మామయ్య మంచం మీదనుంచి. "నాలుగు నెలల కిందట ఏసీ ఫిల్టర్ మార్చింది నేనే."

అవతల గొంతు వెంటనే మెత్తబడింది. "అయ్యో, మేస్త్రీగారా... సరే సరే. వయసు కదండీ, పర్లేదు. ఆదివారం పదింటికి వచ్చి బండి నేనే పట్టుకెళ్తా."

ఆ 'వయసు కదండీ, పర్లేదు' ఉంది చూశారూ, అది విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మనిషి అన్నది ప్రేమతోనే, కాదనను. కానీ మామయ్య మొహం చూడలేకపోయాను.

రెండేళ్లుగా ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. కాఫీ గ్లాసులో సగమే పోసి ఇస్తాను, అదీ ఆయన అటు తిరిగినప్పుడు. అయినా ఇంట్లో ఏదన్నా చెడితే ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని మరీ బాగుచేసేవారు. ఆ ఫిల్టర్ మార్చిన రోజు నేను షాపులో ఉన్నాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. "కారులోకొచ్చే గాలిని వడగట్టడానికి కాగితం జల్లెడ పెట్టాడు అమ్మాయ్ కంపెనీవాడు! మా బస్సుల్లో ఇవన్నీ ఎక్కడివీ, కిటికీ తీస్తే అదే గాలి. అయినా పట్టేశాను," అని ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నారు.

ఫోను చేసిన మర్నాడు కాఫీ ఇస్తుంటే చూశాను. చెవి మీద పెన్సిల్ లేదు.

ఆ సాయంత్రమే కొడుకుతో అన్నారు: "ఆదివారం అతనొచ్చినప్పుడు నా పెట్టె కూడా ఇచ్చి పంపించరా. నాకెందుకింక."

పెట్టె అంటే ఆయన మంచం కింద ఉండే ఆకుపచ్చ ఇనప పెట్టె. స్పానర్లు, రెంచీలు, ముప్పై నాలుగేళ్ల చేతి వాడకంతో పిడి నునుపెక్కిన సుత్తి. వారానికోసారి తీసి, నూనె గుడ్డతో తుడిచి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దేవారు. నా కత్తెర ఇంకొకరు ముట్టుకుంటే నేను ఊరుకోను, ఆ పెట్టె విషయంలో ఆయనా అంతే. అలాంటిది నాకెందుకింక అంటున్నారు!

మా ఆయన తల వంచుకుని, "మీ ఇష్టం నాన్నా," అన్నాడు. నేను కళ్లెర్రజేసి చూశాను. నా వంక చూడకుండా రిమోటు తీసుకున్నాడు, కవరుతో సహా.

శనివారం రాత్రంతా నాలో నేనే వాదించుకున్నాను. మామయ్య పొరపాటు చేసి ఉంటారా? ఉండొచ్చు. చెయ్యి వణుకుతోంది, ఏ క్లిప్పో విరిగి ఉండొచ్చు. అలాగైతే అది బయటివాడి కంట పడకూడదు, అందులోనూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడి కంట అస్సలు పడకూడదు. ముందు నేను చూడాలి. మార్చగలిగితే మార్చేయాలి. పదింటికి అతనొచ్చేసరికి గాలి రావాలి, పెట్టె మంచం కిందే ఉండాలి.

ఆదివారం ఏడింటికల్లా కారు దగ్గర ఉన్నాను. మామయ్యకు ఒక కుర్చీ తెచ్చి కారు పక్కన వేశాను. "కూర్చోండి మామయ్యా. నేను విప్పుతాను, మీరు చెప్పండి."

"నన్ను అడగొద్దమ్మా. నాకేం తెలీదు. అతనొస్తాడుగా," అంటూ లోపలికి వెళ్లబోయారు.

ఊరికే బతిమాలితే వినే మనిషి కాదు. ఏం చేయాలో నాకు తెలుసు. ముందు ఎడమ పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా ఉన్న గ్లవ్ బాక్సు తలుపు తెరిచి, మా వంటింటి స్క్రూడ్రైవర్ తెచ్చి దాని సందులో పెట్టి ఒక్క తిప్పు తిప్పబోయాను.

"ఏయ్ ఏయ్! ఆగు! చెక్కపెట్టె అనుకున్నావా అది? విరుగుతుంది!"

అదీ! రెండు అంగల్లో వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"దానికి స్క్రూడ్రైవర్ ఎందుకే తల్లీ. ముందు లోపలి సామాను తియ్యి."

తీశాను. టేపులు, బిల్లు పుస్తకం, పెన్సిల్, సుద్దముక్కలు, గుండీల డబ్బా, ఎప్పుడు పెట్టానో తెలియని సగం బిస్కెట్ ప్యాకెట్టు. అన్నీ వెనక సీట్లో పడేశాను. చుట్టూ ప్లాస్టిక్ కవర్లు, నేను ఎటు కదిలినా కరకర.

"కుడిపక్కన సన్నటి కడ్డీ ఉంది చూడు, తలుపు మెల్లిగా దిగేలా పట్టుకుని ఉంటుంది. దాన్ని పక్కకు జరుపు, ఊడొస్తుంది. ఆఁ. ఇప్పుడు రెండు అరచేతులతో డబ్బా రెండు వైపులా లోపలికి నొక్కు. గట్టిగా కాదు. పసిపిల్ల బుగ్గలు నొక్కినట్టు."

నొక్కాను. టక్కున డబ్బా మొత్తం నా ఒళ్లోకి వంగింది. దాని వెనక నల్లటి చీకటి గూడు, మధ్యలో పుస్తకమంత పొడవున సన్నటి మూత.

"కనపడిందా? దానికి రెండు చివరలా క్లిప్పులుంటాయి. రెండూ ఉన్నాయా? విరిగిందా ఏదన్నా?" గొంతులో ఆత్రం దాచుకోలేకపోయారు.

"రెండూ రాయిలా ఉన్నాయి మామయ్యా. ఏదీ విరగలేదు."

ఆయన ఊపిరి వదలడం వినపడింది. నేను క్లిప్పులు నొక్కి మూత తీసి, లోపలున్న ఫిల్టరు అంచు పట్టుకుని లాగాను.

చేతికి కాగితం తగలలేదు. చల్లగా, జారుగా ప్లాస్టిక్ తగిలింది.

మొత్తం బయటికి లాగితే, ఫిల్టరుకు కవరు అలాగే ఉంది. షాపువాడు అతికించిన అతుకు కూడా తెగలేదు. కవరు పైన దుమ్ము, ఆకుముక్కలు, చచ్చిన ఈగ. లోపల మడతలు మడతలుగా ఉన్న తెల్ల కాగితం మాత్రం ఇప్పుడే కొట్లోంచి తెచ్చినంత శుభ్రంగా ఉంది. పాపం బ్లోయరు ఊపిరాడక కొట్టుకుంటుంటే మేము దానికి పోయేకాలం వచ్చిందనుకున్నాం.

కవరు విప్పకుండా పెట్టేశారన్నమాట. మామయ్య. ముప్పై నాలుగేళ్ల మేస్త్రీ. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గబుక్కున దాన్ని నా ఒళ్లో కొంగు కింద దాచేశాను.

"ఏమైంది?"

"ఏం లేదు మామయ్యా. కొంచెం దుమ్ముంది, అంతే. దులిపి పెట్టేస్తే..."

"ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు? సీటు కవరు."

"సీటు కవరు చప్పుడు నాకు తెలీదా? ఇటివ్వు."

ఇంజను చప్పుడు విని ఎన్నో నంబరు బస్సో చెప్పిన మనిషికి అబద్ధం చెప్పడానికి నేనెవర్ని. ఇచ్చాను. వణికే చేతిలో ఆ కవరు ఆగకుండా గలగలమంది. అటూ ఇటూ తిప్పి చూశారు.

"కవరు విప్పలేదన్నమాట నేను," అన్నారు చివరికి, చాలా మెల్లగా. "చేతులే పోయాయనుకున్నా అమ్మాయ్. బుర్ర కూడా పోయింది."

"అదేం మాట మామయ్యా!"

"పెట్టె ఇచ్చేయడమే మంచిది. ఇలాంటివాడు బస్సు ముట్టుకుంటే మనుషులు చస్తారు." కుర్చీలోంచి లేవబోయారు.

నాకు ఆయన మీద కోపమొచ్చింది, నా మీద కోపమొచ్చింది, ఆ చచ్చిన ఈగ మీద కూడా కోపమొచ్చింది. ఏం చేయాలో తోచక ఆ ఫిల్టరు ఆయన చేతిలోంచి లాక్కుని నాలుగు అంచులూ చూశాను. ఎందుకు చూశానో నాకే తెలియదు. బట్ట చేతికిస్తే అంచు చూడటం నా అలవాటు. చూశాక మళ్లీ చూశాను.

"మామయ్యా. తారీఖు ఏదీ?"

"ఏ తారీఖు?"

"మీ తారీఖు. పెన్సిల్ రాత. ఎక్కడా లేదు."

"అదీ మర్చిపోయుంటాను," అన్నారు నీరసంగా.

"గడియారం బ్యాటరీకి రాసినవాళ్లు దీనికి మర్చిపోయారా? నేను నమ్మను."

"కవరు మీద రాసుంటాను, చెరిగిపోయుంటుంది."

నేను వెనక సీట్లో పడేసిన సామాన్లలోంచి ఒక పెన్సిల్ తీసి ఆ కవరు మీద గట్టిగా గీశాను. జర్రున జారింది తప్ప గీత పడలేదు. మళ్లీ గీశాను. లేదు.

"చూశారా? ప్లాస్టిక్ మీద పెన్సిల్ పడదు. మీరు తారీఖు రాయకుండా ఏదీ బిగించరు. రాయాలంటే కవరు తీసి తీరాలి. ఇది మీరు పెట్టింది కాదు మామయ్యా!"

ఆయన ఫిల్టరు వంక చూశారు. "మరి ఎవరు..."

ముందు సీటు కవరు నా కింద కరకరమంది. తల పైకెత్తితే ఎండ మొహాన పడకుండా ఆపే అట్టకు కవరు. తలుపు లోపలి వైపు కవరు. స్టీరింగుకు కవరు. ఆ కవర్ల మధ్య కూర్చుని ఎవరు, ఎవరు అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్న నన్ను చూసి నాకే సిగ్గేసింది. భూమ్మీద ఫిల్టరుకు కూడా కవరు తీయని మనిషి ఒక్కడే ఉంటాడు. వాడితో నేను పందొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్నాను.

"ఏమండోయ్!"

ఎదురింటివాళ్లు కూడా కిటికీ తెరిచారు. మా ఆయన నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చాడు. నా చేతిలో ఉన్నది చూశాడు. అంతే, అడుగు ముందుకు పడలేదు. నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

"మామయ్య పెట్టిన ఫిల్టరు ఏది?"

"అదీ... అంటే..."

"నోరు కడుక్కుని వచ్చి చెప్పండి. పారిపోకండి."

వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నాన్న వంక చూడకుండా నాకే చెప్పాడు. నాన్నకు చెయ్యి వణుకుతోంది కదా, సరిగ్గా పెట్టారో లేదోనని అనుమానమొచ్చిందట. మళ్లీ చూసి పెట్టమంటే బాధపడతారని, రెండ్రోజుల తర్వాత ఇంకో కొత్తది కొనుక్కొచ్చి, నాన్న నిద్రపోతున్నప్పుడు తనే మార్చేశాడట. వీడియో చూసి.

"ఆ వీడియోలో కవరు తీయమని చెప్పలేదా?"

"చూడలేదే... అదేదో రక్షణ కోసమని..." అని గొణిగాడు. "కొత్తది కదా, కొత్తది ఎలా పాడవుతుందీ, నాన్న విప్పినప్పుడే ఏదో విరిగుంటుందనుకున్నా."

"మరి ఫోనులో ఎవరు చెయ్యి పెట్టారని అడిగితే మాట్లాడరేం?"

ఇంకెప్పుడైనా అయితే ఇంకో పది మాటలు అనేదాన్నే. కానీ మామయ్య కొడుకు వంక చూస్తున్నారు, తిట్టినట్టు కాదు, జాలిపడ్డట్టు. దాంతో నా నోరు దానంతటదే మూతపడింది.

"నేను పెట్టినదాన్ని ఏం చేశావురా? పారేశావా?" అన్నారు.

మా ఆయన ఏదీ పారేయడు. అదొక్కటి మాత్రం ఆ రోజు మాకు కలిసొచ్చింది. అటక ఎక్కి, అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. తెరిచాను. లోపల కవరు లేని ఫిల్టరు. రెండు రోజులే వాడింది, ఒక అంచున మాత్రం కాస్త దుమ్ము. ఇంకో అంచు మీద పెన్సిల్‌తో తారీఖు. అంకెలు వంకర టింకరగా, ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. సున్నా పూర్తిగా కలవలేదు. అయినా అందులో ఆయన అక్షరం ఉంది. గాలి ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు మీద కూడా పెన్సిల్‌తో దిద్ది ఉంది, తర్వాత విప్పినవాడు తికమక పడకుండా.

చూపించాను. మామయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని వేలితో ఆ అంకెల్ని నిమిరారు.

"తప్పు లేదు కదూ," అన్నారు, తనకు తనే చెప్పుకున్నట్టు. తర్వాత గట్టిగా, "బాణం కూడా దిద్దాను చూశావా అమ్మాయ్!" అన్నారు. ఆ గొంతు విని నాకు ఎంత గర్వమేసిందంటే, ఆ మనిషికి నేను కూతుర్ని కాదే, కోడల్ని మాత్రమే కదా అని మా ఆయన్ని చూసి మొదటిసారి అసూయ పడ్డాను.

"సరే, ఇక పెట్టు," అన్నారు. "బాణం కిందికి ఉండాలి."

"మీరే పెట్టండి మామయ్యా."

"ఇవాళ విప్పింది నువ్వు. నువ్వే పెట్టాలి." లోపలికి వెళ్లి వచ్చారు. వచ్చేటప్పుడు చెవి మీద పెన్సిల్ ఉంది. తీసి నా చేతికిచ్చారు. "ముందు రాయి."

"మీ తారీఖు ఉందిగా."

"అది అప్పటిది. ఇవాళ్టిది ఇవాళ్టి చెయ్యి రాయాలి."

ఆయన వంకర అంకెల కింద నేను ఆదివారం తారీఖు వేశాను. పక్కన నా పేరు రాయలేదు. ఇంటూ గుర్తు వేశాను, కాలరు లోపల వేసేదే. మామయ్య చూసి తలూపి, పెన్సిల్ తీసుకుని మళ్లీ చెవి మీద పెట్టుకున్నారు. ఫిల్టరు లోపలికి తోశాను, మడతలు నలగకుండా, బాణం కిందికి. మూత పెట్టి క్లిప్పులు నొక్కాను, రెండుసార్లు టక్ టక్ అన్నాయి. గ్లవ్ బాక్సు ఎత్తి, బుగ్గలు నొక్కి, లోపలికి తోశాను. కడ్డీ తగిలించాను. తాళం తిప్పి ఏసీ మీట పెట్టాను.

గాలి! మొహం మీదికి విసురుగా వచ్చింది, నుదుటి మీద వెంట్రుకలన్నీ లేచిపోయాయి. బిల్లు పుస్తకం పేజీలు వెనక సీట్లో రెపరెపలాడాయి. నేను చిన్నపిల్లలా అరిచాను. మామయ్య ముందుకు వంగి ఆ గాలి సందుకు అరచెయ్యి అడ్డుపెట్టారు. కుడిచెయ్యే. వణుకుతూనే ఉంది, ఆయన దాచుకోలేదు.

పది కొట్టేసరికి మెకానిక్ వచ్చాడు. గుమ్మం పక్కన ఆకుపచ్చ పెట్టె సిద్ధంగా ఉంది, ముందు రాత్రే మామయ్య తెచ్చి పెట్టారు. అతను కారెక్కి మీట తిప్పి ఆశ్చర్యపోయాడు.

"గాలి దంచేస్తోందిగా! ఎవరు బాగుచేశారు?"

"మా కోడలు," అన్నారు మామయ్య. ఆ రెండు మాటలకు ఆయన ఎంత పొడవు పెరిగారో నేను చూశాను.

"భలే అక్కా! మరి అసలేమైంది? మోటారు కాదన్నమాట." అతను చెయ్యి తుడుచుకుంటూ మళ్లీ అదే మాట అడిగాడు. "చివరిసారి అక్కడ చెయ్యి పెట్టిందెవరు?"

నేను నోరు తెరవలేదు. ఒట్టు, తెరవలేదు. నాలిక కొరుక్కుని నిలబడ్డాను. మా ఆయన నేల చూస్తున్నాడు.

"అదా," అన్నారు మామయ్య తేలిగ్గా, "చెప్పాగా బాబూ, నేనే..."

"కాదు నాన్నా."

మా ఆయన తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి, అయినా మాట మాత్రం అందరికీ వినపడింది.

"నాన్న పెట్టింది సరిగ్గానే ఉంది. నేనే నమ్మక తీసేశాను. ఇంకోటి కవరు విప్పకుండా పెట్టాను. ఆ రోజు ఫోనులో నువ్వడిగితే నోరు మూసుకున్నాను. చెయ్యి పెట్టింది నేను."

మెకానిక్ నా వంక చూశాడు. నేను మా ఆయన వంక చూస్తున్నాను. నిజం చెప్పొద్దూ, పెళ్లిచూపుల్లో కూడా ఆయన నాకు అంత బాగా కనపడలేదు.

మామయ్య కవరున్న ఫిల్టరు తీసి కొడుకు చేతిలో పెట్టారు. చెవి మీదున్న పెన్సిల్ తీసి దాని పైన పెట్టారు.

"రాయి."

"ఇదా? ఇది తప్పు పని కదా నాన్నా."

"తప్పయితే మరీ రాయాలి. చేసిన చెయ్యి రాయాలి."

మా ఆయన కవరు మీద పెన్సిల్ పెట్టాడు. జారింది. గట్టిగా నొక్కాడు. మళ్లీ జారింది. ఒకసారి నాన్న వంక, ఒకసారి నా వంక చూశాడు. తర్వాత అతుకు దగ్గర గోరు పెట్టి, ఆ కవరును ఒక్క లాగుడులో చింపేశాడు. మా ఇంట్లో ఆ చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.

తెల్లటి అంచు మీద తారీఖు రాశాడు. పక్కన సున్నా చుట్టి, తన అక్షరం వేశాడు. మామయ్య దాన్ని తీసుకుని, ఎండలో పట్టుకుని చూసి, "రాత అచ్చం నాదే," అన్నారు. ఆకుపచ్చ పెట్టె తెరిచి స్పానర్ల పైన జాగ్రత్తగా పెట్టి మూత వేశారు. "వచ్చే ఏడాది ఇదే వేద్దాం. వీడే వేస్తాడు."

"మరి పెట్టె?" అన్నాడు మెకానిక్.

"పెట్టె ఎక్కడికీ రాదు. నువ్వు కాఫీ తాగి వెళ్లు," అన్నారు మామయ్య.

నేను నాలుగు గ్లాసుల్లో కాఫీ తెచ్చాను. మామయ్యది నిండా పోశాను, ఆయన చూస్తుండగానే. రెండు చేతులతో పట్టుకుని తాగారు. కాస్త చొక్కా మీద ఒలికింది. ఆ చొక్కా నేను కుట్టిందే.